గోడమీది చెవి

గోడలకు చెవులుంటాయని సామెతకనేవారు. ఆ చలిదేశంలో నిజంగానే బిగించారు. వలసొచ్చినవాళ్ల పిల్లలకు యూనివర్సిటీ సీటు కావాలంటే ఇంట్లో సొంత భాష వినపడకూడదు. లిఖితకు మాటలు రాకముందే వాళ్ల వంటింటి గోడకు మాటలు వినే పెట్టె వచ్చింది. ఒక్క తెలుగు ముక్క దొర్లినా సీటు గల్లంతే.

లిఖిత బడి చదువు ముగిసిన ఆఖరి రోజు, పెట్టె గడువు ఇంకా రెండు నిమిషాలుందనగా, తల్లి నూకరత్నం వేసిన ఎండుమిరప పోపు ఘాటుకు లిఖిత తుమ్మింది. నూకరత్నం గభాల్న నోట్లో కొంగు కుక్కుకుంది. పిల్ల మళ్లీ తుమ్మింది. ఆమె కొంగు ఇంకా గట్టిగా కొరికిపట్టింది.

పెట్టెమీద పచ్చదీపం వెలిగింది. సీటొచ్చింది.

నూకరత్నం కూతురి తల నిమురుతూ, ఇన్నేళ్ల తుమ్ములన్నిటికీ కలిపి, "చిరంజీవ, నా తల్లే, చిరంజీవ, చిరంజీవ" అంది.

అంటే ఏమిటని లిఖిత ఆ దేశం భాషలోనే అడిగింది.