గాలి ఎదురు తిరిగిన పూట

రెక్కల సూటు తొడుక్కుని, వీపున పారాచూట్‌తో సింధుశ్రీ నిడుగల్లు కొండ అంచున నిలబడింది. నాన్న లక్ష్మీనరసింహ రొప్పుతూ ఎక్కి వచ్చాడు. ఆయన వద్దన్న కొద్దీ ఆమె పరాయి దేశాల కొండల మీద నుంచి దూకి, గద్దలా ఎగిరింది. గాలిలో తేలే ఆ కాసేపటి ముందు ఆమెకు ఏదీ ఎక్కువ కాదు.

"ఇంక నేను అడ్డం రాను తల్లీ. ఎగురు. ఊరంతా కింద కాచుకోనుండాది."

కింద ఈలలు మోగుతున్నాయి. గాలి కొండకేసి కొడుతోంది. దూకితే బండకు కొట్టుకుంటానని ఆమెకు తెలుసు. అంతమంది చూస్తుండగా వెనక్కి తగ్గలేకపోయింది.

"నాయనా, ఈ ఒక్కసారి వద్దను," అంది మెల్లగా.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. అంచుకు వచ్చి కిందికి అరిచాడు.

"పోండప్పా ఇండ్లకి! నా బిడ్డను నేను దూకనియ్యను!"