ఇరవై మార్కుల నడవడి

“నీ నడవడి గురించి నేను రాయాల్నా? నాకు తెలుగు రాయను రాదే నాయనా,” అంది కనకమ్మ, చేటలో బియ్యం ఏరుతూ.

ఆ సంగతి కామరాజుకు తెలియకేం! ముదలియార్‌పేటలోని ఆమె ఇంట్లో అద్దెకు దిగిన రెండేళ్లుగా, నెల్లూరి ఆడపడుచు రాసే ఉత్తరాలు చదివిపెడుతున్నది తనే. “తెలుగు బడి మాకు యాడుండె?” అని ఆమె అన్నప్పుడల్లా అయ్యో అనుకునేవాడు.

యానాం నుంచి వచ్చి వైద్యం చదువుతున్న కామరాజు తరగతిలో ఫస్టు. ఫ్రెంచివాళ్ల జెండా దిగి మన జెండా ఎగిరిన మరుసటేడే కాలేజీ కొత్త డైరెక్టరు గోవిందరాజన్ ఒక మెలిక పెట్టాడు. డాక్టరుకు చదువొక్కటే చాలదట, నడవడికీ ఇరవై మార్కులట. బస ఇచ్చిన ఇంటివాళ్లు ఉన్నదున్నట్టు రాసి, సంతకం చేసి, కవరు అంటించి పంపాలి. పది రాకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. రెండేళ్ల కష్టం గోదాట్లో కలిసినట్టే.

“మీరు చెప్పండి అత్తయ్యగారూ, నేను ఫ్రెంచిలో రాసేస్తాను. ఆఫీసులో ఇంకా అదే నడుస్తోంది.”

“ఫ్రెంచిలోనా? సరే, రాసుకో. చదువులో గట్టోడు. సిగరెట్టు కాలుస్తాడు, అడిగితే లేదంటాడు. ఆసుపత్రి డ్యూటీ అని చెప్పి సినిమాకు పోతాడు.”

 కామరాజు కలం మాత్రం ఆగలేదు. వినయశీలి, సత్యసంధుడు, రోగుల పాలిటి దేవుడు అని ఫ్రెంచిలో రాసిపారేశాడు.

“యాదీ, చదువు. విందాం.”

ఆమె చెప్పింది చెప్పినట్టు తెలుగులో అప్పజెప్పాడు, సిగరెట్టుతో సహా.

కనకమ్మ కళ్లజోడు పెట్టుకుని కాగితాన్ని చాలాసేపు చూసింది. “దస్తూరి బాగుంది,” అని లోపలికి పట్టుకుపోయింది. సంతకానికి పావుగంట పట్టింది. చదువురాని చెయ్యి, ఎంత అవస్థ పడుతోందో అని కామరాజు జాలిపడ్డాడు కూడా. చివరికి మెతుకులతో అంటించిన కవరు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

మర్నాడు గోవిందరాజన్ అతని ఎదుటే కవరు చించి చదివాడు.

“ఇదంతా ఆమె చెప్పిందేనా?”

“అక్షరం మార్చలేదండి.”

“ఆమె చూసుకుందా?”

“ఆవిడకు చదువు రాదండీ. నేనే చదివి వినిపించాను.”

గోవిందరాజన్ కాగితాన్ని అతని వైపు తిప్పాడు.

కింద ఎర్రసిరాతో కనకమ్మ ఫ్రెంచిలో రాసింది: భాషకు పద్దెనిమిది, నడవడికి సున్నా.