రెండో భాగంలో లేని కప్పరాజు

“అక్కా, రెండో భాగంలో కప్పరాజు లేనే లేడు!” అంటూ తమ్ముడు కళ్లజోళ్ల దుకాణంలోకి దూసుకొచ్చాడు.

అక్క ఒక ఫ్రేముకు స్క్రూ బిగిస్తోంది. తలెత్తకుండానే “ఎవరన్నారు?” అంది.

“ముందు మా వీడియో గేముల క్లబ్బు వాళ్లన్నారు. మనం చిన్నప్పుడు ఆడిన జపాన్ గేముంది చూడు, దాని పన్నెండు భాగాల్లో ఏ కథ గొప్పదో సాయంత్రం నేను మాట్లాడాలి. రెండోదేనని ముందే చెప్పేశాను. పడీ పడీ నవ్వారు. రాత్రంతా కూర్చుని మళ్లీ ఆడాను. రాజు అలిగి బావిలో కూర్చోవడం లేదు, రాణి బతిమాలడం లేదు. ఊళ్లో ఎవణ్ణి పలకరించినా ‘కత్తి కొంటావా?’ అంటాడంతే!”

“మన క్యాసెట్టు వేరేమోరా.”

“అదే ఆట. కాకపోతే ఇది ఇంగ్లీషులో ఉంది, మనది జపాన్ భాషలో ఉండేది. నాకు చదవడం రాదని నువ్వే చదివి చెప్పేదానివిగా?”

అక్క పెదవులు బిగబట్టింది కానీ నవ్వు ఆగలేదు. “ఒరేయ్, అప్పటికి పదేళ్లదాన్ని. నాకు మాత్రం జపాన్ భాష ఎక్కడొచ్చు?”

“మరి ఆ కథంతా?”

“కథ చెప్పకపోతే ముద్ద మింగేవాడివా నువ్వు?”

ఇరవై ఏళ్లుగా తను ఊరంతా పొగుడుతూ తిరిగింది ఎవరి కథనో తమ్ముడికి అప్పటికి తెలిసొచ్చింది.

“ఇప్పుడు క్లబ్బులో నీ పరువేం గాను?” అంది అక్క.

“పోతే పోనీ. రెండోదాన్ని పన్నెండో స్థానంలో పడేస్తాను.” స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. “పదమూడో భాగం వచ్చేవారం వస్తోంది. జపాన్ భాషలోదే కొంటాను. ఆదివారం ఏ పనీ పెట్టుకోకు, చదివి చెప్పాలి.”