కుర్మయ్య అలక

కుర్మయ్య పోయిన మూడోరోజు పిట్ట ముట్టలేదు.

విస్తట్లో ఆయనకిష్టమైన తలకాయకూర పెట్టారు. పక్కన కల్లు సీసా, ఒక బీడీ కట్ట. చుట్టాలంతా దూరంగా జరిగి ఆకాశంకేసి చూస్తూ కూర్చున్నారు. ఎండ నెత్తిమీదికొచ్చింది. కూరమీద ఈగలు ముసిరాయి. కాకి కాదుగదా, పిచ్చుక కూడా ఆ దిక్కుకు రాలేదు.

పోయినవాడి కోరిక తీరకపోతే అతనికి పెట్టిన కూడు పిట్ట ముట్టదు. ఈ సంగతి శంషాబాద్ చుట్టుపక్కల ఎవరిని నిద్రలేపి అడిగినా చెబుతారు. కానీ ఈ కాలనీ బాధ వేరు. ఎయిర్‌పోర్టు కింద పొలాలు పోయినవాళ్ళకు దాని గోడ పక్కన ఇళ్ళిచ్చి కూర్చోబెట్టిన కాలనీ ఇది. విమానాలు ఎగరడం మొదలైన ఈ మూడేళ్ళలో ఇక్కడ ఎవరు పోయినా పిట్ట ముట్టింది లేదు. పోయినవాళ్ళు పోవడం లేదని జనం నమ్మకం. రన్‌వే కింద ఎవరి చెలకలో వాళ్ళు తిరుగుతున్నారట. అటునుంచి ఎప్పుడూ ఏదో ఒక రొద. విమానాల మోత, ట్రాక్టర్ల చప్పుడు, ఉండుండి ఏవో పేలుళ్ళు. ఆ రొదలో తన మొగుడి దగ్గు వినబడుతుందని పక్కింటి జంగమ్మ ఒట్టేసి చెబుతుంది. పొద్దుగూకితే గోడ దగ్గరికి పోయే మగాడు లేడు. వినేవాళ్ళు నవ్వుకోవచ్చు. అక్కడ ఒక సాయంత్రం కూర్చుంటే మాత్రం నవ్వు రాదు.

కుర్మయ్య భార్య శివమ్మకు కారణం తెలుసు. "పెద్దోడు రాలేదని అలిగిండు" అంది.

రాని మాట నిజమే. పెద్దకొడుకు జగన్ తలకొరివి పెట్టాడు గానీ మూడోరోజు పొద్దున్నే డ్యూటీ అంటూ వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టులో కంట్రాక్టు కింద ఏదో గడ్డి పని. తండ్రికన్నా గడ్డి ఎక్కువైందా అని చుట్టాలు దుమ్మెత్తిపోశారు. సాయంత్రం వచ్చాక జగన్ జరిగింది విన్నాడు. తమ్ముడు జగదీశ్‌ను బయటికి తీసుకెళ్ళి చాలాసేపు ఏదో చెప్పాడు.

ఐదోరోజు మళ్ళీ పెడదామనీ, పిట్ట ముట్టేదాకా తాను మెతుకు ముట్టననీ శివమ్మ ఒట్టు పెట్టుకుంది. అసలే షుగర్ మనిషి. మర్నాడు మధ్యాహ్నానికే ఇంటి గోడ పట్టుకుని నడుస్తోంది. దవాఖానకు పోదామంటే వినదు. ఈసారీ ముట్టకపోతే ఆమె కూడా దక్కదని ఇంట్లో అందరికీ అర్థమైంది.

జగదీశ్ కాటేదాన్‌లో మోటర్లకు వైండింగు చేస్తాడు. ఆ రోజు అక్కడినుంచి ఒక ఇనుప పనిముట్ల పెట్టె తెచ్చాడు. అందులో పాత సామాన్ల కొట్టులో దొరికిన రేడియో సెట్టు, మీట నొక్కి మాట్లాడే మైకు ఉన్నాయి. తన బండి బ్యాటరీ ఊడదీసి పెట్టెలో బిగించాడు. ఏరియల్ పొడవు చాలక, ప్లాస్టిక్ పైపు ముక్కకు రాగితీగ చుట్టడం మొదలుపెట్టాడు. లైసెన్సు లేని బుల్లి స్టేషన్, చేత్తో పట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు. ఇంట్లో చావు పెట్టుకుని ఇవేం ఆటలని మేనత్త తిట్టింది.

శివమ్మ గడపలో కూర్చుని చూస్తోంది.

"ఇదేంది బిడ్డా?"

"మాట్లాడేదుందవ్వా."

"బాపుతోనా?"

జగదీశ్ తల ఎత్తలేదు. తీగ చుట్టుకుంటూ ఉండిపోయాడు. ఔననే అనుకుంది ఆమె.

ఐదోరోజు కూడా జగన్ లేడు. తెల్లారగానే డ్యూటీకి పోయాడని తెలిసి, వాడసలు కొడుకే కాడన్నారు చుట్టాలు. ఈసారి శివమ్మ కూడా వాళ్ళకు అడ్డు చెప్పలేదు.

విస్తరి పెట్టారు. జగదీశ్ పెట్టెను గోడ దగ్గరికి మోసుకెళ్ళి మీట నొక్కాడు. "పెట్టినం" అన్నాడు. మీట వదిలాడు. చాలాసేపు గరగర. అందులోంచి ఒక గొంతు వచ్చింది.

"జర ఆగు. ఒకటి దిగుతున్నది. అది దిగనీ."

కుర్మయ్య గొంతు. ఆ బొంగురు, మాట చివర ఆ సాగదీత, అచ్చం ఆయనే. జంగమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. మగవాళ్ళు వెనక్కి జరిగారు. తలల మీదుగా ఒక విమానం వంగి, గోడ మాటున దిగిపోయింది.

శివమ్మ ఎవరు పట్టుకున్నా ఆగలేదు. తూలుకుంటూ వచ్చి మైకు అందుకుంది. జగదీశ్ ఆమె వేలుమీద వేలు పెట్టి మీట నొక్కి పట్టాడు.

"పెద్దోడు రాలేదని అలిగినవా? వాని బదులు నేను కాళ్ళు మొక్కుత. జర వచ్చిపో."

మీట వదిలాక మళ్ళీ గరగర.

"తప్పైంది" అంది గొంతు. "ఏడ్వకు. ఇగ తిను."

బతికున్నన్నాళ్ళూ కుర్మయ్య ఆమెతో తప్పైందని అన్న మనిషి కాదు. శివమ్మ అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

గోడవతల అంత నిశ్శబ్దం ఆ కాలనీ ఎప్పుడూ ఎరగదు. కాసేపటికి గోడమీద ఒక కాకి వాలింది. అటూ ఇటూ చూసింది. కిందికి దిగి, విస్తరి చుట్టూ గెంతి, ఒక ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది. దాని వెనకే ఇంకో రెండు వచ్చాయి. ఆడవాళ్ళు చేతులెత్తి దండం పెట్టారు. జంగమ్మ తన మొగుడి పేరు చెప్పి ఆ పెట్టెకు మొక్కింది. మేనత్త పాలూ అన్నం కలిపి తెచ్చి ముద్ద నోటికందిస్తే, శివమ్మ తిన్నది.

అందరూ ఆమె చుట్టూ ఉండగా జగదీశ్ పెట్టెకు చెవి ఆనించాడు.

గోడకు అవతల గడ్డిలో నిలబడి, విమానాలకు పిట్టలు అడ్డం రాకుండా బెదరగొట్టమని కంట్రాక్టరు ఇచ్చిన టపాసుల తుపాకిని పేల్చకుండా కిందికి దించి పట్టుకుని, డ్యూటీ రేడియో సెట్టులో జగన్, తండ్రినుంచి వచ్చిన అదే బొంగురు గొంతుతో మెల్లిగా అడిగాడు: "ముట్టిందా తమ్మీ?"