బ్రేకు పైపు మీద ఉప్పు

తెడ్డు మొదటి దెబ్బ బల్ల మీద పడింది. రెండోది సత్యారావు భుజం మీద పడింది.

సత్యారావు పాత బండ్లు అమ్ముతాడు. ఈ దీవిలో ఓడలు ఆగే ఫీనిక్స్ బే జెట్టీకి ఎగువనున్న అతని షెడ్డులో ఎప్పుడూ నాలుగైదు వాన్లు తళతళలాడుతుంటాయి. అతని మాటా అంతే, పాలిష్ పట్టినట్టుంటుంది. ఆ పొద్దున మాత్రం నోట్లోంచి అరుపు తప్ప ఇంకేమీ రాలేదు.

కొట్టినవాడు నూకన్న. వండూర్‌లో చేపలు పట్టి, పట్నం మార్కెట్టుకు తెచ్చి అమ్ముకుంటాడు. ఏడాదిన్నర కిందట ఈ షెడ్డులోనే నీలం వాను కొన్నాడు. పది రోజుల కిందట బ్రూక్షాబాద్ రోడ్డు వాలులో దాని బ్రేకు పడలేదు. బండి గోడను గుద్దింది, తోలుతున్న తమ్ముడు లక్ష్ముడి కాలు అందులో నలిగిపోయింది. ఆసుపత్రిలో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. పడవ మీద నిలబడి వల విసరడంలో వండూర్ మొత్తానికి వాణ్ణి మించినవాడు లేడు. ఇక నిలబడేదెలా?

"నూకన్న భయ్యా, ఆగు! బండి ఇచ్చిననాడు బ్రేకు బాగుంది. కసమ్!"

"కసమా? మా తమ్ముడి కాలు మీద ఒట్టెయ్యి. ఏ కాలు మీదేస్తావురా? ఉన్నదాని మీదా, కోసేసినదాని మీదా?"

మూడో దెబ్బకు సత్యారావు మణికట్టు విరిగింది. ఆ చప్పుడు బయట నిలబడినవాళ్లకు కూడా వినిపించింది. ఒక్కరూ లోపలికి రాలేదు. లక్ష్ముణ్ణి చూసినవాళ్లెవరూ రారు.

నూకన్న వెంట మెకానిక్కు రమణయ్య వచ్చాడు. అతనే విరిగిన బండిని విప్పి చూశాడు. జేబులోంచి బ్రేకు పైపు ముక్క తీసి సత్యారావు ముఖం ముందు వేళ్లతో నలిపాడు. ఇనుము పొడిపొడిగా రాలింది.

"ఇది వాన తుప్పు కాదు భయ్యా. పైపు మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. నాలిక మీద పెట్టి చూసినాను. బండి అడుగంతా ఇలాగే ఉంది. ఇది సముద్రం నీళ్లు తాగిన బండి."

ఇంకేం కావాలి? సునామీ వచ్చి మూడేళ్లయింది. ఆ నీళ్లలో మునిగిన బండ్లను కడిగి, రంగేసి అమ్ముతున్నారని ఊరంతా అనుకుంటూనే ఉంది.

"మునిగిపోయిన బండి నాకు అంటగట్టినావురా!" నూకన్న అతని చొక్కా పట్టి లాగాడు. "ఆ నీళ్లే మా అమ్మను పట్టుకెళ్లిపోయాయి. మిగిలిన ఒక్క తమ్ముణ్ణి నువ్వు తినేసినావు. ఆ బండిని పడవలా చూసుకున్నానురా నేను. ఒక్క పూటైనా చేప పొలుసు ఉండనివ్వలేదు!"

అని ఏడ్చాడు. ఏడుస్తూనే తన్నాడు.

సత్యారావు పాక్కుంటూ వెళ్లి, బాగున్న చేత్తో సొరుగులోంచి ఒక కాగితం లాగాడు.

"షిప్పు కాగితం! సునామీ అయిన ఏడాదికి చెన్నై నుంచి దిగింది ఆ బండి. ఇదిగో ముద్ర! తారీఖు చూడండి రమణయ్యా, మీరైనా చూడండి!"

రమణయ్య చూడలేదు. దొంగ బండి అమ్మినవాడికి దొంగ కాగితం పుట్టించడం ఎంతసేపు? నూకన్న ఆ కాగితాన్ని ఉండ చేసి సత్యారావు నోట్లో కుక్కాడు.

"తిను. నమిలి తిను."

సత్యారావు తిన్నాడు. పెదవుల పక్కనుంచి నెత్తురు కారింది.

నూకన్న మొలలోంచి చేపలు కోసే కత్తి తీశాడు. సత్యారావు కుడికాలు పట్టుకుని మోకాలి పైన కత్తి ఆనించాడు. ప్యాంటు తెగింది. చర్మం కూడా తెగింది.

"కాలుకి కాలు," అన్నాడు.

రమణయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఆ కాలు పట్టుకెళ్లి లక్ష్ముడికి అతికిస్తావా ఏటి? బదులు ఇంకో బండి పట్టుకెళ్లు. ఇల్లు నడవాలి కదా."

నూకన్న కత్తిని సత్యారావు ప్యాంటుకే తుడిచాడు. తర్వాత మొలలో దోపుకున్నాడు. తగువు అలా తీరింది.

షెడ్డులో అన్నిటికన్నా మంచి బండి తెల్ల వాను. రమణయ్య దాని కింద దూరి ప్రతి పైపూ తడిమి చూశాడు. "కొత్తదానిలా ఉంది. ఉప్పు జాడే లేదు," అన్నాడు. సత్యారావు బండి రాసిచ్చే కాగితం మీద ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టాడు.

"నేను చేసిన తప్పేటో చెప్పండి," అని గొణిగాడు. నూకన్న అతని ముఖం మీద ఉమ్మి, తాళాలు తీసుకున్నాడు. నిజం చెప్పాలంటే, బయట నిలబడినవాళ్లకు అది కూడా చాలలేదు.

పొద్దు వాలేసరికి తెల్ల వాను వండూర్ ఒడ్డున ఆగింది. నూకన్న భార్య కాసులమ్మ పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. రేపటినుంచి లక్ష్ముడి చోట ఆమే వానులో వెళ్లి చేపలు అమ్మాలి.

"భయమేస్తంది మావా."

"ఇది మంచి బండే. నాను దగ్గరుండి చూయించినాను."

నూకన్న నెత్తురు ఎండిన చేతులతో నీళ్ల డ్రమ్ము మూత తియ్యబోయాడు. కాసులమ్మ అడ్డుపడింది.

"ముట్టుకోకు. కుళాయి మళ్లీ వచ్చేది శుక్రవారమే. వంటకీ, మరిది పుండు కడగడానికీ ఉంచినాను. ఎల్లి బండి కడిగేసిరా, బొట్టు పెడతాను."

నూకన్న సముద్రంలోకి మోకాలి లోతు దిగి చేతులు కడుక్కున్నాడు. తర్వాత ఆ నీళ్లే బకెట్టు నిండా ముంచుకొచ్చి, నీలం బండికి ఏడాదిన్నరపాటు రోజూ చేసినట్టే, తెల్ల బండి కిందికి దూరి ఒక్క మూలా వదలకుండా శుభ్రంగా కడిగాడు.