మిషను కడుగు

“ఆగవే! ఆ నీళ్ళు ఎక్కడ పోస్తున్నావు?” అంటూ చిట్టియ్య సైకిలుకి స్టాండైనా వెయ్యకుండా గోడకి ఆనించేసి పెరట్లోకి వచ్చాడు.

కూతురు లోవలక్ష్మి చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడింది.

“బియ్యం కడుగు నాన్నా. గిన్నెడు. గోడవార పొదకి పోస్తున్నాను.”

“మొదట్లో పొయ్యి మరి. ఆకుల మీద పోస్తే ఎవడికి లాభం?”

పెరట్లో తొమ్మిది మల్లెపొదలున్నాయి. మొగుడు పోయి పుట్టింటికి చేరిన లోవలక్ష్మికి అవే బతుకుతెరువు. సందేళ మొగ్గలు కోసి, దండలు కట్టి, భీమవరం పూలకొట్టుకి పంపేది. తను పెట్టుకోని పూలతో తన తిండి తను తింటున్నానని ఆమెకో ధీమా. ఆ పొదలు కాస్తా పోతే ఇక మిగిలింది రొయ్యల షెడ్డే. పొద్దున్నే వ్యానెక్కి పోయి, సాయంత్రం దాకా ఐసులో చేతులు పెట్టి రొయ్య తలలు తియ్యాలి. ఆ పనికి వెళ్ళే పక్కింటి మాణిక్యాంబ వేళ్ళు ఎలా చితికిపోయాయో చూశాక, తను బతికుండగా కూతుర్ని ఆ వ్యాను ఎక్కనివ్వకూడదని చిట్టియ్య మనసులో ఒట్టు పెట్టుకున్నాడు.

పొదలు బతకాలంటే నీళ్ళు కావాలి. ఊరి చుట్టూ రొయ్యల చెరువులొచ్చి నుయ్యి ఉప్పెక్కిపోయింది. ఉగాది వెళ్ళగానే కాలువకి నీళ్ళు కట్టేశారు. ఇక ఊళ్ళో నీళ్ళంటే కొత్తగా పెట్టిన నీళ్ళ ప్లాంటే. బోర్లోంచి తోడిన ఉప్పునీళ్ళు మిషన్లోకి పోయి, ఇవతల తియ్యటి మంచినీళ్ళయి వస్తాయి. అవి తాగడానికే చాలవు. వెనక గోడలోంచి ఇంకో పైపు ఉంది. దాన్లోంచి వచ్చే నీళ్ళు ఊరికే మురిక్కాలవలో పడి పోతుంటాయి. చూడ్డానికి తేటగా, అద్దంలా ఉంటాయి.

అలా పోతుంటే చిట్టియ్యకి మనసొప్పలేదు.

“ఇవేం నీళ్ళు బాబూ?” అని ప్లాంటు నడిపే గణేష్‌బాబుని అడిగాడు.

“వేస్టు నీళ్ళండి. మిషన్ని కడుక్కుంటూ పోతాయంట.”

“పట్టుకెళ్ళనా?”

“దానికి నన్నడగాలా చిట్టియ్యగారూ? ఊరికే పోయేవేగా.”

కడిగిన నీళ్ళంటే కడుగే కదా అనుకున్నాడు చిట్టియ్య. బియ్యం కడుగు మొక్కకి బలం. పప్పు కడిగిన నీళ్ళూ బలమే. మిషను కడుగు మాత్రం ఏం చేస్తుంది? వదిలేసిన నీళ్ళు ఎంగిలితో సమానమని తను ఏనాడూ చుక్క నోట్లో వేసుకోలేదు గానీ, మొక్కలకి ఎంగిలేమిటి?

ఆ రోజు నుంచి సైకిలుకి చెరో పక్కా డబ్బా కట్టి, రోజూ మూడు ట్రిప్పులు తెచ్చాడు. గోడవార పొద కూతురి కడుగుకి వదిలేసి, ఒక్క చుక్క వృథా పోకుండా మిగతా ఎనిమిదింటికీ తలో చిల్లుకుండ పాతి, ఆ కుండలో పోశాడు. తడి ఆరకుండా పైన కొబ్బరిపీచు పరిచాడు. పదిహేను రోజులు తిరక్కుండా ఆకుల అంచులు మాడాయి.

మాణిక్యాంబ గోడమీంచి తొంగి చూసింది. “ఏంటి బాబాయ్, నువ్వు స్నానం కూడా మానేసి ఆ నీళ్ళు వీటికే పోస్తున్నావంట కదా? నీ కంపుకే మాడుంటాయి!”

“నోర్ముయ్యవే.”

“నా నోరు ముయ్యిస్తే సరా? నిప్పులు చెరుగుతోంది ఎండ. ఈ కాసిని నీళ్ళు ఏ మూలకి?”

ఆ మాట చిట్టియ్యకి గుచ్చుకుంది. మూడు ట్రిప్పులు అయిదయ్యాయి. మోకాళ్ళు పట్టేస్తే ఆముదం రాసుకుని మళ్ళీ సైకిలెక్కాడు. పోసేకొద్దీ పొదలు ఎండాయి. వైశాఖంలో ఊరంతా పెళ్ళిళ్ళు. పూలకొట్టువాడు రెండుసార్లు కబురు పెట్టాడు. కట్టడానికి మూరెడు దండకి సరిపడా మొగ్గల్లేవు.

నెల తిరిగేసరికి ఎనిమిది పొదలు పుల్లలయ్యాయి. గోడవార పొద ఒక్కటే పచ్చగా ఉంది.

“దానికి గోడ నీడుంది, అందుకని తట్టుకుంది,” అన్నాడు చిట్టియ్య. “మిగతావి ఎలాగూ దక్కవు. ఇక నా అయిదు ట్రిప్పులూ దీనికే.”

“దానికి నేను పోస్తున్నాగా నాన్నా.”

“గిన్నెడు కడుగుతో మొక్క బతుకుతుందే పిచ్చిమొద్దూ?”

పదో రోజుకి ఆ పొదా తల వాల్చేసింది.

లోవలక్ష్మి ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే పాత చీర కట్టుకుని మాణిక్యాంబతో బయల్దేరింది.

“అన్నం వండి మూత పెట్టాను నాన్నా. వేళకి తిను.”

చిట్టియ్య ఆమె వెనకే గుమ్మం దాటాడు. వ్యాను మలుపు తిరిగేదాకా వీధరుగు మీదే నిలబడ్డాడు. తరవాత గునపం తీసుకుని తొమ్మిది మోళ్ళూ పెకిలించి పారేశాడు.

ఖాళీ పెరడు చూడలేకపోయాడు. ఒక్క కొబ్బరి మొక్కైనా నాటాలనిపించింది. కొబ్బరికి మల్లెలా సుకుమారం లేదు. గోతిలో ఇంత ఉప్పేసి నాటితే మరీ మంచిదంటారు. కాపుకొచ్చేసరికి తనుండడు. కూతురుంటుంది.

డబ్బాలు కట్టుకుని ప్లాంటుకి వెళ్ళాడు. భీమవరం నుంచి వచ్చిన మెకానిక్కు ఎవరో మిషను బాగుచేసి చేతులు తుడుచుకుంటున్నాడు. చిట్టియ్య వెనక పైపు కింద డబ్బా పెట్టి, అది నిండేలోపు అతన్ని పలకరించాడు.

“బాబూ, ఈ మిషను నీళ్ళలోంచి ఉప్పు తీసేస్తుంది కదా?”

“అవునండి.”

“రోజుకి చాలానే పోగవుతుందేం?”

“చాలానే తీస్తుందండి. ఈ ఊరి బోరు మరీ ఉప్పు.”

“అదెక్కడ పోస్తారు? ఓ తట్టెడు ఇప్పించు నాయనా, మొక్కకి కావాలి.”

మెకానిక్కు నవ్వి, పైపు వైపు చెయ్యి చూపించాడు.

“ఆ ఉప్పంతా మీ డబ్బాలోకే పోతోందండి.”