వాగు దాటిన బూడిదమ్మ

కొండమీది కోతుల మందలో పెద్దకోతి చచ్చిపోయింది. ఇక పెద్దరికం నాదంటే నాదని రెండు కోతులు కలబడ్డాయి. మంద రెండుగా చీలి వాగుకు చెరోపక్కన చేరింది. ఆ కొట్లాటలో బూడిదమ్మ అనే ముసలి కోతి కొడుకు బండమీంచి పడి చనిపోయాడు. అయినా పెద్ద ఎవరో తేలలేదు.

ఆ తర్వాత ఎవరూ ఎవరికీ పేలు చూడలేదు. సొంతవాళ్లకైనా సరే, వీపు తిప్పి కూర్చోవాలంటే భయం. అందరూ చెట్లకు ఆనుకుని, ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ గడిపేవారు.

ఒక పొద్దున బూడిదమ్మ వాగు దాటింది. అవతల నల్లచెవి అనే పడుచు కోతి ఒంటరిగా కూర్చుని ఉంది. బూడిదమ్మ వెళ్లి దానికి వీపు తిప్పి కూలబడింది.

“వీపంతా దురదగా ఉందమ్మాయ్. నా కొడుకు చూసేవాడు. కాస్త చూడవా?”

నల్లచెవి చేతులు వెనక్కి లాక్కుంది. “మీవాణ్ణి తోసింది మావాళ్లే, అత్తా.”

“తెలుసు. నీ మొగుణ్ణి కరిచి చంపింది మావాళ్లే. ఇప్పుడు నీ వీపు మాత్రం ఎవరు చూస్తున్నారు?”

నల్లచెవి వేళ్లు మెల్లగా బూడిదమ్మ బొచ్చులోకి దిగాయి.

అది చూసి ఇటునుంచి ఒకరు, అటునుంచి ఒకరు వచ్చి పక్కన కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఒడ్డంతా నిండిపోయింది. పెద్దరికం కోసం కొట్టుకున్న ఇద్దరూ బండలెక్కి తమవాళ్లను కేకలేసి పిలిచారు. ఎవరూ తలెత్తలేదు.

బూడిదమ్మ ఏడుస్తూనే ఉంది. వెనకున్న నల్లచెవికి ఆ కన్నీళ్లు కనిపించలేదు. ముసలిదాని భుజాలు వణకడం చేతికి తెలిసి, ఇంకాస్త దగ్గరికి జరిగింది.